కొమ్ములామె కళ్ళు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. దేవుళ్ళ మీద కూడా అంతంత మాత్రమే, ఎందుకంటే నేను వాళ్ళ మధ్యనే పెరిగాను. మాది ఆళ్లగడ్డ. మా నాయన శిల్పి. సగం చెక్కిన వినాయకుడి ఒళ్ళో కూర్చుని అన్నం తిన్నదాన్ని. ముక్కు ఇంకా రాని అమ్మవారి తల మీద తడి లంగా ఆరేసి తన్నులు తిన్నదాన్ని. రాయి రాయే అని నాకు చిన్నప్పుడే తెలుసు. కాబట్టి ఇది చదివి, పిచ్చిది ఏదో ఊహించుకుంది అనుకునేవాళ్ళతో నాకు తగువు లేదు. ఇంకొకరు చెబితే నేనూ అదే అనుకునేదాన్ని.

ఇప్పుడు మేం నంద్యాలలో అద్దెకు ఉంటున్నాం. మా ఆయనకు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. నేను ఇంట్లో కూర్చుని ట్యాబ్లెట్ మీద బొమ్మలు వేస్తాను. ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో స్నేహితులతో కలిసి ఆటలు ఆడతారు. ఆ ఆటల్లో ఒకడు మంత్రగాడు, ఒకడు తోడేలు మీద తిరిగే వీరుడు, ఇంకొకామె విలుకత్తె. తమ పాత్ర ఎలా ఉంటుందో రాసి పంపితే నేను దానికి రూపం వేసి ఇస్తాను. ఈ పనిని కమీషన్ అంటారు. ఒకసారి ఆ మాట పక్కింటామెతో అన్నాను. అప్పటినుంచి ఆమె నన్ను ప్లాట్ల బ్రోకరనుకుని స్థలాల రేట్లు అడుగుతోంది. చెప్పి చెప్పి విసిగిపోయి, ఇప్పుడు నాకు తోచిన రేట్లు చెప్పేస్తున్నాను.

బయటికి సుఖంగా కనబడే పనే గానీ, మెడ పట్టేస్తుంది, కళ్ళు మండుతాయి. పగలు నిద్రపోతే ఇంటిపని ఆగుతుంది, రాత్రి నిద్రపోతే ఈ పని ఆగుతుంది. పైగా ఈమధ్య కొత్త తలనొప్పి ఒకటి. బొమ్మ మనిషి వేసిందా, యంత్రం వేసిందా అని అందరికీ అనుమానమే. అందుకని నేను పెట్టే ప్రతి గీతా ట్యాబ్లెట్‌లో వీడియోగా మిగిలేలా పెట్టుకున్నాను. బొమ్మతోపాటు ఆ వీడియో కూడా పంపాలి, అప్పుడే నమ్ముతారు. ఈ వీడియో సంగతి మళ్ళీ వస్తుంది.

మా ఇంటి పద్ధతి కూడా కొంచెం చెప్పాలి. విగ్రహానికి కళ్ళు చివర తెరుస్తారు. నగలు, వేళ్ళ గోళ్ళు, చీర కుచ్చిళ్ళు అన్నీ అయ్యాక, మంచిరోజు చూసి. అంతవరకు, దగ్గర మనిషి లేనప్పుడు ముఖం మీద గుడ్డ కప్పి ఉంచుతారు. కళ్ళు తెరిచేటప్పుడు ఎదురుగా ఎవరూ నిలబడరు. మొదటి చూపు మనిషి మీద పడకూడదని ముందు అద్దం చూపిస్తారు. నేను కూడా అలవాటుకొద్దీ కళ్ళు చివరే వేస్తాను. మా పనిలో తప్పులు పట్టుకోవడానికి బొమ్మను కుడి ఎడమలు మార్చి, అద్దంలో చూసినట్టు చూసుకుంటాం. అది తెలిసి నాయన, "మీకూ అద్దముందే పాపా," అని చాలా సంతోషపడ్డాడు.

నాయనకు ఒక సొంత అలవాటుంది. ముందు కుడికన్ను సగం తెరిచి వదిలేస్తాడు. ఎడమకన్ను పూర్తిచేసి, మళ్ళీ కుడికన్ను దగ్గరికి వస్తాడు. ఒక కన్ను పూర్తిగా తెరిచి రెండోది మూసి ఉంచితే అమ్మవారిని ఒంటికంటితో నిలబెట్టినట్టని, అది మర్యాద కాదని ఆయన లెక్క. ఆళ్లగడ్డలో నేనెరిగినంతలో ఇంకెవరూ అలా చెయ్యరు. పైగా ఆయనది ఎడమచేతి వాటం.

నాయనకు షుగరు. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోది కూడా మసకబారుతున్నప్పుడే దొర్నిపాడు వైపు ఒక ఊరివాళ్ళు అమ్మవారిని చెక్కమని వచ్చారు. వద్దని మేమందరం చెప్పాం. మా పెదనాయన కొడుకు బ్రహ్మయ్యన్న కూడా శిల్పే, నేను చేస్తానులే చిన్నాయనా అన్నాడు. నాయన వినలేదు. తడుముకుంటూ, బ్రహ్మయ్యన్నను తిడుతూ, కళ్ళు తప్ప మొత్తం చేశాడు. సరిగ్గా కళ్ళు తెరిచే రోజు దగ్గరపడే వేళకు ఆ ఉన్న కన్ను కూడా మొరాయించింది. నంద్యాలలో కంటి ఆసుపత్రికి తీసుకెళ్తే, కంట్లోకి సూది వేస్తాం, చూపు నిలవొచ్చు, నిలవకపోవచ్చు అన్నారు.

"ఆయమ్మ కండ్లు తెరిచేదాంక నా కన్ను ఉంటే సాలు. ఆ తరువాత యాడికన్నా పోనీ," అన్నాడు నాయన. అది ఆయన ఆఖరి విగ్రహమని ఆయనకు తెలుసు, మాకూ తెలుసు. ఆ కళ్ళు ఆయన చేత్తోనే తెరవాలని నాకు ఎంత ఉండిందో చెప్పలేను.

అదే సమయంలో నా చేతిలో ఉన్న బొమ్మ కొమ్ములున్న ఒకామెది. అడవిలో ఉంటూ దెబ్బలు తగిలినవాళ్ళకు మందు వేసే పాత్ర. తలకు జింక కొమ్ములు, కొమ్ములకు నాచు, భుజం మీద గుడ్లగూబ. వెనక చెట్లకు నల్లమల ఆకులే వేశాను, బొమ్మ అడిగినాయనకు ఏం తెలుస్తుందిలే అని. అన్నీ ఒప్పుకున్నాడు గానీ కళ్ళ దగ్గర ఆగిపోయాడు. ఎన్నిసార్లు మార్చి పంపినా ఒకటే మాట: చాలా బాగుంది, కానీ ఈమె నన్ను చూడడం లేదు. తిట్టినా బాగుండేది. ఆయన మర్యాద చూసి నాకు ఏడుపొచ్చేది.

ఆసుపత్రికి వెళ్ళే రోజు పొద్దున, వేసిన కళ్ళను మొత్తం చెరిపేసి, ముఖం ఒక్కటే తెరనిండా వచ్చేలా పెద్దది చేసి కూర్చున్నాను. కొమ్ములు, గుడ్లగూబ అన్నీ తెర బయటికి పోయాయి. ఇంతలో ఆటో వచ్చి హారన్ కొట్టింది. ముందురోజే ఆళ్లగడ్డ నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్న నాయన, గోడ పట్టుకుని వస్తూ తెర వెలుగు దగ్గర ఆగాడు.

"ఆడ ఎవరో ఉన్నట్టుందే."

"బొమ్మ నాయనా. కండ్లు ఇంకా ఎయ్యలేదు."

"మరి ముఖం కప్పకుండా యాడికి పోతాండావ్?"

"అది ఆటలోది నాయనా. దానికేం పట్టింపులుండవు."

"ముఖం ముఖమే గదా. గుడ్డ కప్పు."

ఆటో మళ్ళీ హారన్ కొట్టింది. కాసేపటికి ట్యాబ్లెట్ దానంతటదే ఆరిపోతుందిలే అని కప్పకుండానే తాళం వేశాను. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. ఇంటికి ఒక్కటే తాళంచెవి, అది నా సంచిలో ఉంది.

ఆసుపత్రిలో పేరు పిలిచేదాకా కూర్చుని కూర్చుని నడుము విరిగింది. లోపల సూది వేసి, ఆ కంటికి కట్టు కట్టి బయట బల్ల మీద కూర్చోబెట్టారు. రెండో కన్ను ఎలాగూ కనబడదు కాబట్టి నాయన పూర్తి చీకట్లో ఉన్నాడు. మందు చీటీ ఇవ్వడానికి వచ్చిన నర్సమ్మ నన్ను చూసి నవ్వింది. "ఏందక్కా, కొప్పులో పెన్ను పెట్టుకోనొచ్చినావ్?"

తడుముకుంటే నిజమే. పని చేస్తూ చేస్తూ ట్యాబ్లెట్ పెన్నును కొప్పులో గుచ్చుకునే అలవాటు నాకుంది. ఆ పెన్ను లేకపోతే ట్యాబ్లెట్ మీద గీత పడదు. నిద్రమత్తులో చెయ్యి తగిలి బొమ్మ పాడవుతోందని, వేలితో గీసే వీలు నేనే తీసేసి పెట్టాను.

మందుల కోసం మళ్ళీ పిలుస్తామంటే నాయన పక్కన కూర్చున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఎడమచేతి చూపుడువేలితో నా అరచేతిలో మెల్లగా గీస్తున్నాడు. ఒకచోట కాసేపు, కొంచెం పక్కన ఇంకాసేపు, మళ్ళీ మొదటి చోట. భయపడుతున్నాడేమో, పాపం, అనుకుని కదలకుండా ఉన్నాను. చాలాసేపయ్యాక వేలు ఆగింది. ఊపిరి వదిలి, "అయిపాయ," అన్నాడు. సూది గండం గడిచిందని అంటున్నాడనుకున్నాను.

ఇంటికొచ్చి తాళం తీసి, నాయనను పడుకోబెట్టి, మిగిలిన పని చూద్దామని ట్యాబ్లెట్ ముందు కూర్చున్నాను. తెర వెలిగింది. ఆమె నన్ను చూసింది.

ఇంతకంటే ఎలా చెప్పాలో నాకు తెలీదు. చెరిపేసి వెళ్ళిన చోట రెండు కళ్ళూ ఉన్నాయి. నేను వేసే కళ్ళు కావు. నేను మెరుపులు పెట్టి, రెప్పల వెంట్రుకలు పెట్టి ముద్దొచ్చేలా వేస్తాను. ఇవి పెద్దవి, నెమ్మదైనవి, పై రెప్ప బరువుగా దిగింది. నాయన విగ్రహాలు చెక్కే మా కొట్టంలో చిన్నప్పటినుంచి చూసిన కళ్ళు.

ముందు నా మీదే అనుమానపడ్డాను. నిద్ర లేదు, పొద్దున నేనే వేసి మర్చిపోయానేమో అని వీడియో పెట్టి చూశాను. నేను కళ్ళు చెరపడం ఉంది, ముఖం పెద్దది చేయడం ఉంది. తర్వాత కుడికన్ను మొదలైంది. సగంలో ఆగింది. ఎడమకన్ను పూర్తయింది. మళ్ళీ కుడికన్ను. గీతలన్నీ ఎడమచేతి వాలులో ఉన్నాయి. మామూలుగా నా వీడియోలో ఒక గీతకు పది చెరుపులు ఉంటాయి, ఇందులో ఒక్కటి కూడా లేదు. రాయి మీద చేసేవాళ్ళకు చెరిపే అలవాటు ఉండదు. ఫైలు చివరిసారి సేవ్ అయిన సమయం చూస్తే, మేం ఆసుపత్రి బల్ల మీద కూర్చున్న వేళ.

మా ఆయన వచ్చాక చూపించాను. రెండుసార్లు చూసి, "నువ్వే ఏసి మరిచిపోయింటావ్ పో. ముందు పోయి పండుకో," అన్నాడు. ఎడమచేత్తో ఎలా వేస్తానని అడిగితే, పెన్ను కంపెనీవాళ్ళను అడగమన్నాడు. నాకు వాదించే ఓపిక లేదు. కొన్నాళ్ళు బొమ్మను పంపకుండా ఆపాను. ఆ తర్వాత, ఇంకో రకం కళ్ళు వేయడానికి చెయ్యి రాక, అలాగే పంపేశాను. ఇప్పుడు నన్ను చూస్తోంది అని జవాబొచ్చింది.

నాయన కన్ను నిలవలేదు. కట్టు విప్పాక వెలుతురు, నీడ మాత్రం తెలిశాయి.

అయినా కళ్ళు తెరిచే రోజు అందరం ఆళ్లగడ్డలో కొట్టం దగ్గర ఉన్నాం. దొర్నిపాడు వైపు ఊరివాళ్ళు డప్పులతో వచ్చారు. చూపు లేకపోతే ఏం, చిన్నాయన చేతికే కళ్ళున్నాయి, తడిమి తెరుస్తాడని బ్రహ్మయ్యన్న అందరికీ ధైర్యం చెప్పాడు. నేనూ నమ్మాను. నాయన చేతికి చిన్న ఉలి ఇచ్చారు. ఆయన అమ్మవారి ముఖం మీది గుడ్డ తీసి, రెప్పల మీద వేళ్ళు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత ఉలిని బ్రహ్మయ్యన్న వైపు చాచాడు.

"నా చేతిలో ఆ కండ్లు ఇంక లేవప్పా. మొన్ననే తెరిచేసినా."

"ఎవరికి చిన్నాయనా? నువ్వు యాడ తెరిచినావ్?"

"యాడో. కొమ్ములుండాయి ఆయమ్మకు."

బ్రహ్మయ్యన్న నా వైపు చూశాడు, ముసలాయన మతి తప్పిందేమో అన్నట్టు. నేను తల దించుకున్నాను. ఆళ్లగడ్డలో ఎవరికీ నేను ఆ బొమ్మ సంగతి చెప్పలేదు. నాయనకు కొమ్ముల సంగతి అసలే చెప్పలేదు. తెర మీద చూసుంటాడని మా ఆయన అంటాడు. తెర మీద ఆ పొద్దున ముఖం తప్ప ఏమీ లేదు, ఆ ముఖం కూడా ఆయనకు వెలుగు మచ్చగానే కనబడి ఉంటుంది.

బ్రహ్మయ్యన్నే కళ్ళు తెరిచాడు. బాగా తెరిచాడు. అద్దం చూపించారు, హారతిచ్చారు, ఊరివాళ్ళు సంతోషంగా అమ్మవారిని ట్రాక్టరులో ఎక్కించుకుని పోయారు. నాయన అటువైపు వీపు పెట్టి కూర్చుని ఉలి చప్పుడు విన్నాడు. జన్మంతా చేసిన పనిలో ఆఖరిది, ఏ ఊరి గుడిలోనో ఉండవలసింది, ఎవరో ముక్కూమొహం తెలీని మనిషి ఆటలోకి పోయింది. దాన్ని పంపింది నేనే.

నాయనను కొన్నాళ్ళు మా దగ్గర ఉంచుకుందామని సాయంత్రం బస్సులో నంద్యాలకు తీసుకొచ్చాను. సిరివెళ్ల దాటాక నిద్రపోతున్నాడనుకున్న మనిషి అడిగాడు. "ఇచ్చేసినావా దాన్ని?"

"ఇచ్చేసినా నాయనా."

"మంచోడేనా?"

"తెలీదు. మర్యాదగా మాట్లాడతాడు."

"ముందు అద్దం చూపిచ్చినావా?"

నేను ఆ బొమ్మను కుడి ఎడమలు తిప్పి చూసుకోలేదు. తెర వెలిగినప్పుడు ఎదురుగా నేనే ఉన్నాను. అబద్ధం చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. "లేదు నాయనా. ముందు నన్నే చూసినాది."

ఆయన చెయ్యి చాచి నా ముఖం తడిమాడు. "నీకేం కాలేదు గదా?"

"ఏం కాలేదు. అలసట తప్ప. అది ముందునుంచీ ఉండేదే."

"నిన్నేనా చూసినాది," అన్నాడు. "అట్లయితే పోనీలే పాపా," అని కిటికీకి తల ఆనించి నిజంగానే నిద్రపోయాడు.

వీడియో ఇంకా నా దగ్గర ఉంది. పని తెలిసిన ఇద్దరు ముగ్గురికి చూపించాను. ఫైలు చెడిపోయుంటుందని ఒకరన్నారు, ఫైలు చెడిపోతే కళ్ళు వస్తాయా అని నేనడిగితే నవ్వేశారు. నాకు ఇప్పటికీ దయ్యాల మీద నమ్మకం లేదు, దీనికి ఇంకో పేరేదీ తెలీదు. కూరగాయలకు వెళ్ళినా సరే, కళ్ళు వెయ్యని బొమ్మ ఉంటే ట్యాబ్లెట్ మీద తువ్వాలు కప్పి వెళ్తున్నాను. మంచం మీదినుంచి నాయన అడుగుతాడు, కప్పినావా అని. కప్పినా నాయనా అంటాను.