పొగ లేవని ఇల్లు

సత్తెనపల్లిలో కళాయి బుడాన్‌ను ఎరగని ఇల్లాలు లేదు. ఇత్తడి గిన్నెలో పులుసు కిలుమెక్కితే అందరికీ ముందుగా గుర్తొచ్చేది అతనే. వీధి మలుపులో గుంట తీసి, బొగ్గులు పోసి, తిత్తితో ఊది, గిన్నెను బాగా కాల్చి, నవాసాగరం చల్లి, తగరం ముక్క తాకించి, దూదితో గిర్రున తుడిచేవాడు. మసిబారిన గిన్నె కాస్తా పెళ్లిసామానులా మెరిసిపోయేది. తండ్రి దగ్గర నేర్చుకున్న విద్య అది. "మనకీ మసికీ పుట్టుపగరా" అనేవాడట ఆ తండ్రి. బుడాన్ ఆ మాటను మరీ గట్టిగా పట్టుకున్నాడు, అదే అతనితో వచ్చిన చిక్కు.

అతని భార్య కరీమున్‌కు ఆయాసం. ఊరి చుట్టూ మిరప చేలు, పత్తి చేలు. కాయ కోతలు అయిపోయాక మిరపకట్టె ఊరికే వస్తుంది, పీక్కున్నవాళ్లకు పీక్కున్నంత. ఊరికే వచ్చేదేదీ ఊరికే పోదు. కొసన నాలుగు ఎండుకాయలు అంటుకుని ఉన్నాయా, ఆ పొగకు గోడవతల మనిషికి కూడా పొలమారుతుంది. పన్నెండేళ్లప్పుడు పొయ్యి ముందు కూర్చున్న కరీమున్ పాతికేళ్లుగా ఆ పొగే పీలుస్తోంది. నాలుగు మాటలు కలిపి అనలేని స్థితికి వచ్చింది. రెండు మాటలు, ఒక దగ్గు, మళ్లీ ఒక మాట.

"పొగ మానకపోతే ఈ మనిషి నీకు దక్కదు" అని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

"పొయ్యి మానేస్తే... తినేది గడ్డా?" అంది కరీమున్, దగ్గు మధ్యలో.

బొగ్గు కొనాలన్నా కిరసనాయిలు స్టవ్వు కొనాలన్నా బుడాన్ తరం కాదు. అప్పటికే ఊళ్లోకి సత్తు గిన్నెలు వచ్చిపడ్డాయి. వాటికి కళాయి అక్కర్లేదు. ఉన్నవాళ్ల ఇళ్లలో స్టీలు సామాను కూడా తొంగిచూస్తోంది. రోజంతా అరిచినా ఒక్కో రోజు తిత్తి విప్పే పని ఉండేది కాదు.

అలాంటి రోజుల్లో హైస్కూలు సైన్సు మేష్టారు లక్ష్మీనరసింహం గారు ఒక గంగాళం తెచ్చి, మాటల్లో మాటగా చెప్పారు. ఉత్తరాదిన ఎక్కడో ఎండతో అన్నం వండుతున్నారట, పేపర్లో పడిందట.

"ఎండతోనా! మన పల్నాటి ఎండను మించిన ఎండ ఎక్కడుందండీ? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది" అన్నాడు బుడాన్.

ఆ వారమే పాత ట్రంకుపెట్టె ఒకటి సంపాదించి పైన అద్దం బిగించాడు. లోపల నాలుగు వైపులా తళతళలాడేట్టు కళాయి పూశాడు. మెరుపు ఉన్నచోట వేడి ఉంటుందని అతని లెక్క. పొద్దున బియ్యం కడిగి పెడితే సాయంత్రానికి చక్కగా నానాయి. ఉడకడం మాత్రం ఉడకలేదు.

మేష్టారు వచ్చి చూసి నవ్వాపుకోలేకపోయారు. "మెరిసేది ఎండను వచ్చిన దారినే తోలేస్తుందయ్యా. తాగేది నలుపే. పెట్టెకూ గిన్నెకూ మసి పూయి."

బుడాన్ మొహం మాడిపోయింది. "కళాయివాణ్ని మసి పూయమంటారా? రేపు నన్ను నమ్మి గిన్నె ఎవరిస్తారండీ?"

పెట్టె తీసి మూలన పడేశాడు. మేష్టారు చెప్పింది నిజమని తెలిసే పడేశాడు, అదీ బాధ. ఒక మధ్యాహ్నం కరీమున్ వంట చేస్తూ చేస్తూ గోడకు చేరగిలబడింది. పెదవులు నల్లబడ్డాయి. ఊపిరి లోపలికి పోవడం లేదు. ఆమె వీపు రాస్తూ, నీళ్లు తాగిస్తూ బుడాన్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె కాస్త తెరిపిన పడ్డాక లేచి, ఇంట్లో ఉన్న గిన్నెల అడుగులన్నీ గోకాడు. జీవితమంతా తుడిచి పారేసిన మసిని పోగుచేసి, అవిసె నూనెలో కలిపి, పెట్టె లోపల తన చేత్తోనే పూశాడు. తండ్రి చూస్తే ఏమనేవాడో అనుకున్నాడు గాని చెయ్యి ఆపలేదు.

ఈసారి మేష్టారు మాట ప్రతిదీ విన్నాడు. పెద్ద పెట్టెలో చిన్న పెట్టె పెట్టి, నడిమి సందులో జిన్నింగు మిల్లులో పారేసే పత్తి కూరాడు. వేడి పైనుంచి పోతుందంటే రెండో అద్దం బిగించాడు. కళాయికీ ఒక చోటు దొరికింది. రేకు మీద పూసి మూతలా నిలబెడితే పైకి పోయే ఎండను కూడా పెట్టెలోకి దింపింది. పొద్దు తిరిగినప్పుడల్లా పెట్టెను తిప్పాలి, అంతే పని. మధ్యాహ్నానికల్లా అన్నం పొడిపొడిగా ఉడికింది. కందిపప్పు ఇంకాస్త మొండికేసి, చివరికి అదీ దారికొచ్చింది.

కరీమున్ రుచి చూసి, "ఉప్పు... తక్కువైంది" అంది. ఆమె నోట అంతకన్నా మెచ్చుకోలు ఎవరూ విని ఉండరు.

పెట్టెను పెరట్లో పెట్టుకున్నారు. పొయ్యి చల్లారింది. నెల తిరిగేసరికి దగ్గు సగానికి సగం తగ్గింది. బుడాన్ ఈల వేసుకుంటూ తిరిగాడు. ఆ తర్వాత ఉన్నట్టుండి దగ్గు మళ్లీ మొదలైంది. పత్తి దుమ్మేమోనని పెట్టె విప్పి చూశాడు, అద్దాలు తుడిచాడు. ఏమీ అంతుపట్టలేదు.

ఒకనాడు పని దొరక్క పొద్దుండగానే ఇంటికి వస్తుంటే తన ఇంటికప్పు మీద పొగ కనిపించింది. లోపలికి పోతే కరీమున్ పొయ్యి ముందు కూర్చుని మిరపకట్టె ఎగదోస్తోంది. పొయ్యి మీద గిన్నె లేదు.

"ఏం వండుతున్నావే?"

"ఏమీ లేదు."

"మరి ఈ మంటేంది? చావాలనుందా?"

కరీమున్ మూలనున్న గిన్నె చూపించింది. గోడవతల సుబ్బరావమ్మది. జొన్నన్నం, గోంగూర పచ్చడి పెట్టుకుని వచ్చి, "ఏమీ అనుకోకమ్మా, కష్టాలు ఎవరికి రావు" అని చేతిలో పెట్టి పోయిందట, పది రోజుల కిందట. అప్పటికి నెల రోజులుగా పొగ లేవని ఇల్లు. కళాయి పని పడిపోయిందని ఊరందరికీ తెలుసు. వీధి వీధంతా ఒక్కటే మాట: బుడాన్ ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవడం లేదని. అది విన్నప్పటినుంచీ అతను ఇంట్లో లేనప్పుడు రోజూ ఇలా ఉత్త మంట రాజేస్తోంది కరీమున్.

"పస్తులున్నామని... జాలిపడుతున్నారయ్యా. దగ్గుతో చస్తా గాని... ఆ పేరుతో బతకను."

బుడాన్ పొయ్యిలో కట్టె బయటికి లాగి ఆర్పాడు. వీధి వాళ్ల మాట మరీ అబద్ధమూ కాదు, రెండు పూటల్లో ఒకటి జావతోనే గడుస్తోంది. అందుకే అది అంత గట్టిగా తగిలింది. పొగ ఆపడానికి ఇంత పని చేశాడు గాని, పొగ చూసే ఊరు పరువు కొలుస్తుందన్న సంగతి అతనికీ తట్టలేదు, మేష్టారికీ తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే పెట్టెను తీసుకొచ్చి నడివీధిలో పెట్టాడు.

"ఉన్న పరువు కూడా... బజారుకెక్కించు" అని లోపలినుంచే ఏడ్చింది కరీమున్.

వచ్చేపోయేవాళ్లు ఆగారు. "ఏరా బుడాన్, పావురాలను పెంచుతున్నావా ఏంది?" అన్నాడు జాన్ బాషా. బుడాన్ పొద్దుతోపాటు పెట్టె తిప్పుకుంటూ కూర్చున్నాడు. మధ్యాహ్నం జనం పలచబడకముందే అద్దాలు ఎత్తి సుబ్బరావమ్మను పిలిచాడు.

"అక్కా, ఇట్లా వచ్చి ఆ గిన్నె మీద ఒకసారి చెయ్యి పెట్టు."

ఆమె పెట్టింది, "అమ్మో!" అని కెవ్వున అరిచి వేళ్లు నోట్లో పెట్టుకుంది. మూత తీస్తే ఆవిరి గుప్పున లేచింది. పప్పు వాసన వీధి చివరిదాకా పోయింది.

"ఇదా సంగతి! పొయ్యిలో పిల్లి లేవక కాదు, అసలు పొయ్యే లేదన్నమాట! మీ ఇల్లు బంగారం గాను, ఒక్కమాట చెప్పొచ్చు కదమ్మా కరీమున్!" అని సుబ్బరావమ్మ గొంతెత్తింది. ఆమె గొంతెత్తాక ఇంక దండోరా ఎందుకు?

కరీమున్ కొంగు తల మీదికి లాక్కుని బయటికొచ్చింది. సుబ్బరావమ్మ గిన్నె ఖాళీగా తిరిగివ్వలేదు, పప్పు నిండా పోసి ఇచ్చింది. ఆ సాయంత్రం ఇంటి మీద పొగ లేవలేదు, ఎవరూ జాలిపడలేదు.

ఆ పెట్టెతో బుడాన్ దశేమీ తిరిగిపోలేదు. ఇద్దరు ముగ్గురు అడిగి చేయించుకున్నారు. మిగతావాళ్లు "అంతసేపు ఎవరు కాచుకుంటారు" అనేశారు. వానాకాలం ముసురు పట్టిందంటే కరీమున్ మళ్లీ పొయ్యి రాజేయాల్సిందే, దగ్గాల్సిందే. కళాయి పని పంతొమ్మిది వందల అరవై దాటేసరికి దాదాపు కనుమరుగైంది. అతను ట్రంకుపెట్టెలకు మాట్లు వేస్తూ, లాంతర్లు బాగుచేస్తూ నెట్టుకొచ్చాడు.

ఒక మే నెలలో కరీమున్ పప్పు పెట్టెలో పెట్టి, తిప్పుతుండమని అప్పజెప్పి చుట్టాలింటికి పోయింది. బుడాన్ అరుగు మీద కబుర్లలో పడి మరిచాడు. ఆమె తిరిగొచ్చి మూత తీసి చూస్తే పప్పు బద్దలు బద్దలుగానే ఉంది.

"పెట్టె తిప్పమని చిలక్కి చెప్పినట్టు చెప్పిపోతే అరుగెక్కి జాన్ బాషాతో ఊళ్లోవాళ్ల సంగతులన్నీ చెప్పుకుంటూ కూర్చున్నావే, నీ పెట్టెకు కాళ్లున్నాయా దానంతటది తిరగడానికి, ఇప్పుడీ పలుకుపప్పు నేను తినాలా నువ్వు తింటావా లేక నీకు అద్దాలు బిగించమని చెప్పిన ఆ మేష్టారిని పిలిచి పెట్టమంటావా!" అంది కరీమున్.

బుడాన్ తల వంచుకుని దగ్గు కోసం ఎదురుచూశాడు. అలవాటు మరి. అది రాలేదు. తలెత్తి చూస్తే ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని, కోపంగా, నిండుగా ఊపిరి పీల్చుకుంటోంది.

"ఇంకా అనవే" అన్నాడు బుడాన్.