కంచె అవతలి మోటారు

మా తోటలో నీళ్ళు కొలిచి మూడు వేసవులు దాటాయి. ఆ రోజే ఈ సంగతంతా రాసిపెట్టుకోవాలనిపించింది గానీ అప్పటికి నాకు రాయడం రాదు. అంకెలు వచ్చు. బస్సు మీద నంబరు, ఫోనులో నంబరు, కాటా మీద కిలోలు చూసి చెప్పేదాన్ని. అక్షరాలు మాత్రం రాలేదు. చిన్నప్పుడు మా అమ్మ నన్ను బడి మాన్పించి, కాయల మీదికి కోతులు రాకుండా తోటలో కాపలా పెట్టింది. ఆ తర్వాత పెళ్ళి, పిల్లలు, తోట పని. వయసు మీద పడ్డాక పలక పట్టాలంటే సిగ్గేసింది. ఆఖరికి మా పొదుపు సంఘంలో లెక్కలు చూసే ఆవిడ, నేను పెట్టెల్లో కాయలు సర్దుతుంటే పక్కన కూర్చుని, కాయల కింద పరిచే పాత పేపర్ల మీదే అక్షరాలు చూపించి నేర్పింది. ఇప్పుడు నెమ్మదిగా రాయగలను. ముందు ఇదే రాస్తున్నాను.

మా మామిడితోట నూజివీడు నుంచి చాట్రాయి వెళ్ళే దారిలో ఎర్రనేల మెరక మీద ఉంది. మా మామగారి హయాంలో అంతా ఒకటే తోట. ఆయన పోయాక మా ఆయనా, మా మరిదీ రెండు ముక్కలు చేసుకున్నారు. పాత బావి ఎవరి వాటాలోకి రావాలన్న దగ్గర మాటా మాటా పెరిగింది. బావి మరిదికి వచ్చింది. మధ్యలో ముళ్ళకంచె పడింది. అన్నదమ్ములు మాటలు మానేశారు. ఆ బావి కూడా ఎప్పుడో ఎండిపోయింది, ఇప్పుడందులో తుమ్మకంపే ఉంది. మాటలు మాత్రం మళ్ళీ కలవలేదు. తోటికోడలూ నేనూ పెళ్ళిళ్ళలో ఎదురుపడితే తల ఊపుకునేవాళ్ళం, అంతే.

ఆ ఏడు పూత బాగా నిలిచింది. పిందె గోలీకాయంత అయ్యేసరికి మా బోరు గాలి లాగడం మొదలుపెట్టింది. మోటారు వేస్తే కాసేపు నీళ్ళు, ఆ తర్వాత గొట్టంలోంచి దగ్గు. పాదులు తడవడం లేదు. పొద్దున్నే వెళ్ళి చూస్తే చెట్ల కింద పిందె పరుచుకుని ఉండేది. నడుస్తుంటే కాళ్ళ కింద చితికేది. చిన్న రసాలు మరీ రాలుతున్నాయి. మోటారు కాలిపోతుందని మా ఆయన ఫీజులు పీకేసి, బోరు నీళ్ళు పట్టుకుంటుందేమోనని ఎదురుచూశాడు.

ఆ తర్వాత అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచి నీళ్ళ జాడ చెప్పే మనిషిని మైలవరం వైపు నుంచి పిలిపించాడు. కంచె మూల దగ్గర కొబ్బరికాయ నిలువునా లేచింది. అక్కడ సున్నం పోసి గుర్తు పెట్టారు.

"ఇది వేరే జల. పక్కాయన బోరుకీ దీనికీ సంబంధం లేదు. లోతుకి వెళ్తే పొంగుకొస్తుంది" అన్నాడా మనిషి. మా ఆయన బోరు బండికి చెప్పేశాడు.

నాకు మాత్రం మనసొప్పలేదు. సరిగ్గా కంచె పక్కన, తమ్ముడి తోట అంచున బోరు దింపితే ఇక మా రెండిళ్ళూ ఈ జన్మకి కలవవు. దింపకపోతే చెట్లు దక్కవు. ఎటు తిరిగినా పోయేది మాకే. మా ఆయనతో అంటే, "చెట్లు చస్తుంటే చూస్తూ కూర్చోమంటావా?" అన్నాడు.

బోరు బండి రావడానికి రెండు రోజుల ముందు సాయంత్రం ఒక జీపు వచ్చింది. అందులోంచి ఒకావిడ దిగింది. జుట్టు సగం నెరిసింది, కాళ్ళకి బూట్లు. గవర్నమెంటు తరఫున ఈ మెరక ప్రాంతమంతా నేల కింద నీళ్ళు ఎలా ఉన్నాయో సర్వే చేస్తున్నామని, మా బోరు చూడనిస్తారా అని అడిగింది.

"రేపు పొద్దున్న కొలుస్తాను. అప్పటిదాకా చుట్టుపక్కల మోటార్లేవీ తిరక్కూడదండీ. ఈ పక్క తోట ఎవరిది?" అంది.

మరిది కంచె అవతలే నిలబడి చూస్తున్నాడు. మా ఆయన అటు తిరక్కుండానే, "ఎవరిదోనండీ. అడగండి, వాళ్ళే చెబుతారు" అన్నాడు.

"ఆయన తమ్ముడిదేనండీ" అన్నాడు మరిది. "ఆయనకి మతిమరుపు. వయసైపోతోంది కదా."

"నాకేం మతిమరుపు లేదు, పాత బావి దగ్గర్నుంచి అన్నీ గుర్తున్నాయని చెప్పండి మేడమ్ గారూ."

"బావి కావాలంటే తుమ్మకంపతో సహా పట్టుకుపొమ్మని నా మాటగా చెప్పండి మేడమ్."

ఆవిడ ఇద్దరి వంకా చూసింది. "నేను నీళ్ళు కొలవడానికి వచ్చానండీ, పంచాయితీ తీర్చడానికి కాదు" అంది.

కంచె అవతల తోటికోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకూ నవ్వాగలేదు. ఎన్నో ఏళ్ళకి ఇద్దరం ఒకే మాటకి నవ్వాం.

"మీ మోటారు ఆపుతారు కదా?" అని మేడమ్ గారు మరిదిని అడిగింది.

"ఆగే ఉంది కదండీ" అన్నాడతను. నిజమే, అప్పుడు కరెంటు లేదు, మోటారు ఆగే ఉంది. ఆవిడ సరేనని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే వచ్చి, మా బోరు మూత పక్కకి జరిపి, టేపు కిందికి వదిలింది. దాని చివర బరువు ఉంది. నీళ్ళు తగలగానే పైన చిన్న లైటు వెలిగి కీచుమంటుంది. డ్రైవరు టీకి వెళ్ళాడు. "అమ్మా, అంకెలు చదవగలరా?" అని అడిగి, ఆవిడ టేపు పట్టుకుని నన్ను చదవమంది. వంగి చదివాను. కాసేపాగి మళ్ళీ వదిలింది. ఈసారి నీళ్ళు కొంచెం పైకి వచ్చాయి. మళ్ళీ చూస్తే ఇంకొంచెం పైకి. ఆ చీకటి గొట్టంలో, ఎవరూ ఏమీ చెయ్యకుండానే, నీళ్ళు వాటంతటవే లేచి వస్తున్నాయి. ఇన్నేళ్ళు ఆ బోరు పక్కనే తిరిగాను గానీ లోపల నీళ్ళు కదులుతాయని ఎప్పుడూ అనుకోలేదు.

"ఎక్కణ్ణుంచి వస్తున్నాయండీ?" అని అడిగాను.

ఆవిడ గట్టు మీదున్న ఒక రాయి ముక్క తీసి నా చేతిలో పెట్టింది. మా తోటలో ఎక్కడ తవ్వినా తగిలే రాయే, పసుపు ఎరుపు కలిసిన రంగు. వేలితో గీకితే ఇసుక రాలుతుంది. ఆవిడకని తెచ్చిన గ్లాసులోని నీళ్ళు దాని మీద కొంచెం పొయ్యమంది. పోశాను. జారిపోతాయనుకున్నాను. జారలేదు. రాయి తాగేసింది. ఇంకొంచెం పోశాను, అదీ తాగేసింది. పైన తడి మరకే మిగిలింది.

"ఇది ఇసుకమ్మా. ఒకప్పుడు ఇక్కడ పెద్ద నది ఉండేది. అది తెచ్చిపోసిన ఇసుకే గట్టిపడి రాయైంది. ఆ ఇసుక రేణువుల సందుల్లో ఉంటాయి నీళ్ళు" అంది.

"ఎప్పటి నది?"

"మనుషులెవరూ లేనప్పటిది."

ఆవిడ సంచిలోంచి ఇంకో రాయి తీసి చూపించింది. దాని మీద ఆకు అచ్చు ఉంది. నడి ఈనె, రెండు పక్కలా దగ్గర దగ్గరగా సన్నటి ఆకులు, ఈతమట్టలాగా. దగ్గర్లోనే వాగు ఒడ్డున దొరికిందట. అలాంటి చెట్టు ఇప్పుడిక్కడ ఎక్కడా లేదంది. ఆ ఆకు ఏ గాలికో రాలి, తడి ఇసుకలో పడి ఉంటుంది. అది రాలినప్పుడు ఏరేవాళ్ళు లేరు, చూసేవాళ్ళు లేరు. దానికి పేరు పెట్టే మనిషే లేడు. నా వేలు దాని మీద ఆనించబోయి, మళ్ళీ తీసేసుకున్నాను. నా కాళ్ళ కింద ఉన్నది గట్టి నేలే, కానీ ఆ క్షణం నది మీద నిలబడ్డట్టుగా ఒళ్ళు తూలింది.

ఇంతలో మా మోటారు షెడ్డులో ఎర్రలైటు వెలిగింది, కరెంటు వచ్చింది. ఆ వెంటనే కంచె అవతల మోటారు గుర్రుమంది.

మేడమ్ గారు ఉలిక్కిపడింది. మా ఆయన చెట్టు కింద కూర్చున్నవాడు లేచి వచ్చాడు. "చూశారా? నిన్న మీ ముందర ఆగే ఉందన్నాడు. వాడి మాట ఇలాగే ఉంటుంది!"

మరిది అవతలి నుంచి పరిగెత్తుకొచ్చాడు. "అయ్యో, నేను వెయ్యలేదండీ! ఆటో స్టార్టరు, కరెంటు రాగానే అదే తిరిగింది!"

మా వైపు తోటల్లో అందరికీ అదే ఉంది. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి అందరం ఆటో పెట్టేసుకున్నాం. వస్తే తిరుగుతుంది, పోతే ఆగుతుంది. మోటారు ఆగి ఉంటే ఆపినట్టే లెక్క. చేత్తో స్విచ్చి దించి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తుండదు. మరిది అబద్ధమాడలేదు. మేడమ్ గారు అడిగినప్పుడు మాలో ఎవరికీ ఆ సంగతి తట్టలేదు.

"కట్టేస్తానుండండి" అని మరిది వెనక్కి తిరిగాడు.

"వద్దు! తిరగనివ్వండి" అని కేకేసింది మేడమ్ గారు. నా వంక తిరిగి, "చదవండమ్మా" అంది.

చదివాను. నీళ్ళు పైకి రావడం ఆగింది. కాసేపయ్యాక మళ్ళీ చదివాను. కిందికి దిగాయి. ఇంకాసేపటికి ఇంకా కిందికి. మా మోటారుకి ఫీజులే లేవు. మా బోరుని ఎవరూ ముట్టుకోలేదు. అవతల ఎక్కడో ఎన్నో వరసల చెట్ల ఆవల మోటారు తిరుగుతుంటే, మా బోరులో నీళ్ళు దిగిపోతున్నాయి.

మా ఆయన నా భుజం మీంచి వంగి చూశాడు. చదువుకున్నవాడు కాబట్టి ఆయనకి నాకన్నా ముందే అర్థమైంది. "అంటే మా నీళ్ళు లాగేస్తున్నాడన్నమాట" అన్నాడు.

"ఉండండి" అంది మేడమ్ గారు. "ఇప్పుడు ఆ మోటారు ఆపించి, కాసేపయ్యాక మీది వేద్దాం. టేపు అటు తీసుకెళ్దాం."

కంచెలో తడిక తీసి మేడమ్ గారితో అవతలికి వెళ్ళాను. ఆ తోటలో నేను కాలు పెట్టక ఎన్నేళ్ళయిందో. చెట్లు నేనెరిగినవే, మా మామగారు వేసినవే. వాటి కింద కూడా పిందె రాలి ఉంది. ఇన్నాళ్ళూ మా తోటలోనే రాలుతోందనుకున్నాను. తోటికోడలు మంచినీళ్ళు తెచ్చింది. "అక్కా, నువ్వు చదువుతావా?" అంది, నమ్మలేనట్టు.

"అంకెలే" అన్నాను.

మా ఆయన మా షెడ్డులో ఫీజులు పెట్టి మోటారు వేశాడు. తోటికోడలూ నేనూ టేపు మీదికి వంగాం. కాసేపటికి ఇక్కడి నీళ్ళు కూడా దిగడం మొదలుపెట్టాయి. నేను చదువుతున్నకొద్దీ ఆమె మొహం మారిపోయింది. ఉన్నట్టుండి లేచి, కంచె వైపు తిరిగి గట్టిగా అరిచింది. "బావగారూ! ఇక్కడ తగ్గిపోతున్నాయి, ఆపండి!"

అవతల మోటారు ఆగిపోయింది. మా ఆయన స్విచ్చి మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడ్డం చెట్ల సందుల్లోంచి కనిపించింది.

మేడమ్ గారు సున్నం గుర్తు చూసింది. నన్నూ మా ఆయన్నీ పక్కకి పిలిచి చెప్పింది. "ఇక్కడ వేసినా ఈ నీళ్ళేనండీ. ఒకే కడవలో రెండు చెంబులు ముంచుతున్నారు, ఇది మూడోది. ఇంకా లోతుకి వెళ్తే ఈ ఇసుకరాయి అయిపోతుంది, దాని కింద నీళ్ళు పట్టుకునే రాయి లేదు. నేను కొలిచింది రాసుకుని వెళ్తాను. ఆపైన మీ ఇష్టం." జీపెక్కి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మా ఆయన మంచం మీద కూర్చున్నాడు. "మరి కొబ్బరికాయ లేచింది కదే?" అన్నాడు.

"లేస్తుంది. కింద నీళ్ళు ఉన్నాయి కదా. ఆ నీళ్ళే ఇవి."

"అయితే వాడి కాళ్ళు పట్టుకోమంటావా?"

"మిమ్మల్నెవరు పట్టుకోమన్నారు? నేను వెళ్తాను."

ఏమీ అనలేదు. అలా అనకపోవడం మా ఇంట్లో ఒప్పుకోవడం కిందే లెక్క. పడుకున్నాక కూడా ఆ రాయీ, ఆ నదీ నా కళ్ళ ముందు తిరుగుతూనే ఉన్నాయి. నా మంచం కింద, ఇంటి కింద, కంచె కింద ఇసుక రేణువు పక్కన ఇసుక రేణువు, వాటి మధ్య నీళ్ళు. మేం రెండు ముక్కలు చేసుకున్నది పైనే.

మర్నాడు పొద్దున్నే, కరెంటు రాకముందే, తడిక తీసి అవతలికి వెళ్ళాను. తోటికోడలు పేడకళ్ళు ఎత్తుతోంది. "వంతులేసుకుందామే. ఒకపూట మీరు, ఒకపూట మేము" అన్నాను.

చేతులు కడుక్కుని వచ్చింది. "మా ఆయన ఒప్పుకుంటాడు గానీ, ముందు పూట మీకే ఇచ్చానని గొప్పలు పోతాడు. పడాలి మరి" అంది. మరిది లోపల్నుంచి, "విన్నాన్లే వదినా, ఇవాళ నీళ్ళు మీరే పెట్టుకోండి" అన్నాడు. తోటికోడలు షెడ్డులోకి వెళ్ళి వాళ్ళ స్టార్టరు ఆటో మీంచి దించింది.

ఇంటికొచ్చి బోరు బండి అతనికి ఫోను చేశాను. మా ఆయన వింటూ కూర్చున్నాడు. "ఈ ఏడాదికి వద్దు బాబూ" అని చెప్పాను. అతనేం బాధపడలేదు. పర్లేదమ్మా, మీ దగ్గర్లోనే ఇంకో తోటవాళ్ళు అడుగుతున్నారు, బండి అటు పంపిస్తానన్నాడు.

ఫోను పెట్టెయ్యబోయి ఆగాను. ఆ తోట మాకు ఎంత దూరంలో ఉందని అడిగాను.