మరక కనపడకుండా చేయమన్న ప్రార్థన

సహోదరీ సహోదరులారా, ఈ సంగతి చెప్పాలంటే నాకు ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు, అయినా దేవుడు చేసిన మేలు దాచుకోలేక నిలబడ్డాను. మాది రాయ్‌పూర్‌లో రైల్వే వాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీ. కోడలు ఆఫీసుకు వెళితే, ఏడాది నిండని మనవణ్ణి చూసుకునేది నేనే. కాళ్ళ మీద పడుకోబెట్టి, నూనె మర్దనా చేసి, పొగలు కక్కే నీళ్ళు పోసేదాన్ని. "అంత వేడి వద్దండీ అత్తయ్యా" అని కోడలంటే, "మీ ఆయన్ని ఇలాగే పెంచానులే" అని నోరు మూయించేదాన్ని.

ఒకరోజు బిడ్డకు జ్వరం వచ్చింది, ముక్కు పక్కన చిన్న పుండు, ఒళ్ళంతా ఎర్రదనం, ముట్టుకుంటే చాలు కెవ్వున ఏడుపు! నీళ్ళు పోస్తే తగ్గుతుందని పోశాను. తుడుస్తుంటే చంకలో చర్మం తడి కాగితంలా ఊడి తువ్వాలుకు అంటుకుంది. నేనే కాల్చేశాననుకుని నా ప్రాణం పోయినంత పనైంది. సాయంత్రం కోడలు వస్తే ఆ ఎర్రదనం చెమటకాయలని చెప్పాను! చర్మం ఊడిన చోట ప్రార్థన నూనె రాసి, చొక్కా తొడిగి, మోకాళ్ళూని, "తండ్రీ, ఈ మరక నా కోడలి కంట పడనీయకు" అని వేడుకున్నాను. బిడ్డ కోసం కాదు, నా పరువు కోసం!

తెల్లారేసరికి నోటి చుట్టూ పగుళ్ళు, మెడ మీద పొక్కులు. కోడలే చొక్కా విప్పింది. "నీళ్ళు ఎంత కాచారండీ?" అని ఒక్క మాట అడిగి, బిడ్డను ఎత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తింది. నేను వెనకే వెళ్ళి డాక్టరమ్మ ముందు ఏడ్చాను, నేనే కాల్చానని. ఆమె ముక్కు పక్క పుండు చూసి, చంకలు, మెడ ముడతలు చూసి, జ్వరం ముందే వచ్చిందా అని అడిగి, "జలా నహీ హై, మాజీ" అంది. కాలింది కాదట! పుండులోని క్రిములు వదిలే విషం పసివాళ్ళ చర్మాన్ని ఇలా ఊడదీస్తుందట, రుద్దకూడదట, నూనె రాయకూడదట, నిన్ననే తేవలసిందట.

వినగానే నా నోట వచ్చిన మాటేమిటో తెలుసా? "స్తోత్రం ప్రభువా, తప్పు నాది కాదు!" అక్కడ సూది గుచ్చుతుంటే బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. కోడలు నా వైపు చూసింది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అప్పుడు మొదటిసారి బిడ్డ కోసం ప్రార్థించాను.

ప్రభువు కృప, మందులు పనిచేశాయి, ఈరోజు వాడి ఒంటి మీద మచ్చ కూడా లేదు. తల్లులారా, జ్వరం, ఎర్రదనం, ముట్టుకుంటే ఏడుపు, ఊడే చర్మం కనిపిస్తే తప్పెవరిదని చూడకండి, దాచకండి, వెంటనే పరుగెత్తండి, దారిలో ప్రార్థించండి. దేవునికే మహిమ! నా పరువు కోసం చేసిన ప్రార్థన ఆయన వినలేదు కాబట్టే నా మనవడు బతికాడు. అలాంటి దేవుణ్ణి మీరూ నమ్మండి.