వేళ్లు నేర్చిన నంబరు

పిల్లలు కొత్త ఫోనుకి దేనివల్ల మారుతున్నారో తెలుసుకోవాలని యూనివర్సిటీ నుంచి ఒకాయన మా క్లాసుకి వచ్చాడు. ధర చూసా, కెమెరా చూసా, స్నేహితుల్ని చూసా అని అడిగాడు. స్నేహితులనగానే పిల్లలు ఒకరినొకరు చూసుకుని నవ్వుతూ చేతులెత్తారు. సత్యకుమారి మాత్రం దేనికీ ఎత్తలేదు.

అరకులో డిగ్రీ పిల్లలకి నేను కెమిస్ట్రీ చెబుతాను. సత్యకుమారిది ముంచింగిపుట్టు దాటి, కొండ మీద చిన్న ఊరు. తల్లి లేదు. పెంచింది అవ్వ. ఆ ఊళ్లో సిగ్నల్ ఒక్కచోటే అందుతుంది, వలిసె చేలో మంచె దగ్గర. మంచె గుంజకి కట్టిన వెదురుబుట్టలో వాళ్ల నాన్న బుధు కీప్యాడ్ ఫోను ఉంటుంది. బుధుకి అంకెలు రావు. మధ్య బటను మీద ఉండే చిన్న బొడిపె దగ్గర బొటనవేలు ఆనించి, కిందికి, పక్కకి, మళ్లీ పైకి జరుపుతూ కూతురి నంబరు నొక్కుతాడు. ఆమె ఇంటర్లో ఉండగా వేలు పట్టుకుని అలా నేర్పింది.

హాస్టల్లో ఆమె చేతిలోనూ అలాంటి ఫోనే ఉండేది.

"ఏటే సత్తే, ఈ ఇటుకరాయి ఇంకా పారెయ్యలేదా?" అనేది పక్కమంచం డాలీ. "మ్యూజియం వోళ్లకిచ్చెయ్, దండేసి పెడతారు."

"నీ టచ్ ఫోను మా కొండెక్కితే అద్దవే. ముఖం సూసుకోడానికి పనికొస్తాది" అనేది సత్యకుమారి.

చివరికి ఆమెని మార్చింది ఈ వెక్కిరింతలు కావు. ఒక ప్రాక్టికల్ పరీక్షని ఒకరోజు ముందుకి జరిపారు. ఆ కబురు ఫోను గ్రూపులోనే వచ్చింది. అది తెలీక పాత తేదీకే రికార్డు పట్టుకుని వచ్చేసరికి, పరీక్ష అయిపోయి ల్యాబ్‌కి తాళం ఉంది. ఆ మెట్ల మీద చాలాసేపు కూర్చుంది.

తర్వాత వారం టచ్ ఫోను కొంది. షాపువాడు పాత ఫోను తీసుకుని, హాస్టల్ పిల్లలందరికీ ఉన్న కంపెనీ సిమ్మే వేసిచ్చాడు. పాత సిమ్ పెన్సిల్ డబ్బాలో పడి, రీచార్జి లేక ఆగిపోయింది. ఊరికెళ్లినప్పుడు నాన్న ఫోనులో కొత్త నంబరు తన పేరుతో ఎక్కించి, "అయ్యా, ఇందులో ఏసేశాను" అని చెప్పింది. ఆయన తలూపాడు. అవ్వకి అప్పటికే ఆయాసం. "నాకేటైనా అయితే బేగి వచ్చీయే గుంటా" అంది. వస్తానని చేతిలో చెయ్యి వేసింది సత్యకుమారి.

మాకు ఏడాదిన్నర పాప. చలికి దానికి దగ్గు. ఆయా ఫోను చేస్తుందేమోనని ల్యాబ్‌లో కూడా నా ఫోను బల్ల మీదే ఉంటుంది. మోగకపోతే పాప బాగుందనుకుంటాను. ఆ చలికాలమంతా సత్యకుమారి కూడా అవ్వ గురించి అలాగే అనుకుంది.

ఒకరోజు ల్యాబ్ వరండాలోకి బుధు వచ్చాడు. తలకి తువ్వాలు, భుజాన సంచి. కూతుర్ని చూసి కోప్పడలేదు.

"ఎందుకు రాలేదమ్మా?" అన్నాడు. "అవ్వని పొద్దు వాలేదాకా ఉంచీసినాం, నువ్వొస్తావని."

ఆమె చేతిలోని గాజుగొట్టం బల్ల మీద పెట్టింది. "నాకెవరు సెప్పేరయ్యా?"

"పోను సేసినాను గదా. మీ హాస్టల్ మేడమ్ ఎత్తింది. గుంటకి సెప్పమ్మా, అవ్వ పోనాదని సెప్పినాను. ఆవిడేదో హిందీలో సెప్పి పెట్టేసింది."

అంతకుముందు ఒకసారి వార్డెన్ నిజంగానే సత్యకుమారి పాత ఫోను ఎత్తి కబురు అందించింది. అందుకే ఆయన నమ్మాడు. ఈసారి పలికింది ఆ నంబరు లేదని చెప్పే రికార్డు గొంతు. ఆ గొంతుకి తన తల్లి చావు చెప్పి, కబురు చేరిందన్న ధైర్యంతో ఆయన మంచె దగ్గర్నించి ఇంటికెళ్లాడు. కొత్త నంబరు ఫోనులోకి ఎక్కింది గానీ వేళ్లలోకి ఎక్కలేదు.

సత్యకుమారి ఏడవలేదు. నాన్నని గట్టు మీద కూర్చోబెట్టి, సంచిలోంచి ఆయన ఫోను తీసి ఆయన చేతికే ఇచ్చి, బొటనవేలు పట్టుకుంది. బొడిపె దగ్గర పెట్టించి జరిపించింది. ఆయన వేలు పాత దారిలోకే పోతోంది.

"అటు కాదయ్యా. కిందకి. ఇప్పుడు పక్కకి."

"ఆగవే. గట్టు మారితే ఎద్దుకైనా టైం పడతాది."

పిల్లలు క్లాసులకి వెళ్లిపోయారు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. చాలాసేపటికి ఆమె ఆయన వేలు వదిలేసింది. ఆయన కళ్లు మూసుకుని, నెమ్మదిగా, ఒంటరిగా నొక్కాడు.

ఆమె చేతిలో ఫోను మోగింది. చెవి దగ్గర పెట్టుకుంది.

"సెప్పయ్యా."

పక్కనే ఉన్న కూతురి వైపు ఆయన చూడలేదు. ఎదురుగా కొండకేసి చూస్తూ ఫోనులోకే చెప్పాడు.

"అవ్వ పోనాదమ్మా. బేగి రా."

"వత్తన్నానయ్యా" అని ఆమె సంచి తెచ్చుకోవడానికి హాస్టల్ వైపు నడిచింది.