నా చేతుల సంగతి ఎవరూ అడగలేదు

నిరుడు మిరప కోతలకు కొద్దిరోజుల ముందు స్కూల్ టీచరు ఫోన్ చేశారు. మూడో తరగతి చదివే నా కూతురు కీర్తన నెలరోజులుగా బడిలో ఒక్క మాటా మాట్లాడలేదట. హాజరు పిలిచినా పలకడం లేదట. ఇంట్లో గలగలా వాగే పిల్ల.

చెవుల టెస్టులు చేయించాం, నార్మల్ అన్నారు. మా ఆయన చిలకలూరిపేటలో పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేస్తాడు. "పొగరు దానికి. రెండు తగిలిస్తే అదే పలుకుద్ది" అన్నాడు. చివరికి గుంటూరులో పిల్లల సైకియాట్రిస్టు చూసి సెలెక్టివ్ మ్యూటిజం అన్నారు. భయంతో గొంతు పెగలదట, మొండితనం కాదట. "థెరపీలో సగం పని మీ ఇద్దరిదేనమ్మా" అన్నారు. ఆ ఇద్దరిలో ఒకరు ఆసుపత్రి మెట్టే ఎక్కలేదు. కూతుర్ని పిచ్చాసుపత్రికి తిప్పుతున్నారని ఊళ్లో అనుకుంటారట. కన్నబిడ్డ కంటే ఊళ్లోవాళ్ల మాటే ఎక్కువైంది ఆయనకి. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

ప్రతి బుధవారం పొద్దున పదింటికి అక్కడే కౌన్సెలర్ మేడమ్ దగ్గర సెషన్. నేను మిరపకాయలు కోసే ముఠాలో వెళతాను. మాటిమాటికీ మానేస్తే మేస్త్రి నా చోట్లో ఇంకొకరిని పెట్టుకుంటాడు. సాయంత్రం టైము అడిగితే కుదరదన్నారు. వారం విడిచి వారం వెళ్లాను.

రోజూ సాయంత్రం పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, చెంపలు నిమురుతూ కబుర్లు చెప్పమన్నారు మేడమ్. కోతలకు వెళ్లే ఆడవాళ్లం ఆ రోజుల్లో పిల్లల మొహం ముట్టుకోం. ఎంత కడిగినా చేతుల్లో ఘాటు పోదు. చదువుకున్నావిడ ముందు అది చెప్పడానికి సిగ్గేసి, తలాడించి వచ్చాను. అది నా తప్పే. మేడమ్ చెప్పారు కదా అని ఒకరోజు ఘాటు తగ్గుతుందేమోనని చేతులకు కొబ్బరినూనె రాసుకుని నిమిరాను. కళ్లలో మంటెత్తి పిల్ల గిలగిల్లాడిపోయింది. ఆ తర్వాత నేను చెయ్యి చాపితే వెనక్కి జరిగేది. ఇంట్లోనూ మాట తగ్గించేసింది.

తర్వాతి సెషన్లో పిల్ల నాకు దూరం జరగడం చూసి మేడమ్ మా ఫైల్లో ఇంగ్లీషులో ఏదో రాసిచ్చారు. స్కూల్ టీచరుకు చూపిస్తే చదివి చెప్పారు, తల్లి సహకరించడం లేదని ఉందట. కోపంతో ఆ రాత్రి అన్నం సయించలేదు.

మళ్లీ వెళ్లినప్పుడు రెండు చేతులూ మేడమ్ టేబుల్ మీద పెట్టాను.

"కోతలకెళ్లే చేతులండీ ఇవి. వీటితో మీ పిల్లల మొహం నిమరనిస్తారా?"

సంగతంతా విని, "ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నారు.

"చెయ్యమన్నారుగానీ, చెయ్యగలవా అని అడగలేదుగా మేడమ్."

ఆవిడ ఫైలు తీసుకుని, నేను సహకరించడం లేదన్న వాక్యం కొట్టేశారు. నిమరడం వద్దని, వీపుకి వీపు ఆనించి కూర్చుని కబుర్లాడుకోమన్నారు. కోతలు అయ్యేదాకా సాయంత్రాలు ఫోన్లోనే సెషన్ పెట్టారు. ఆ పని మొదటిరోజే చెయ్యొచ్చుగా!

ఇప్పుడు కీర్తన పక్కన కూర్చునే పిల్లతో గుసగుసగా మాట్లాడుతోంది. టీచరు పేరు పిలిస్తే చెయ్యెత్తుతోంది, గొంతు ఇంకా రావాలి. వాళ్ల నాన్న కూడా ఇంకా రావాలి.

నాలాంటి అమ్మలకు చెప్పేది ఒక్కటే. ఆసుపత్రిలో వాళ్లు చెప్పింది మీవల్ల కాకపోతే, ఎందుకు కాదో అక్కడే, ఆ కుర్చీలోనే చెప్పండి. బిడ్డ బడిలో నోరు తెరవడం లేదని ఏడ్చిన నేను, ఆసుపత్రిలో రెండు నెలలు నోరు తెరవలేదు.