ఆంటీ గిన్నె కూర్చున్న పొయ్యి

పక్కింటి ఆంటీ ఇక లేరని వాళ్ళమ్మాయి మెసేజ్ పెట్టినప్పుడు నేను ఆఫీస్ కాల్‌లో ఉన్నాను. మ్యూట్ తీసి, "యెస్, ఆన్ ట్రాక్" అని చెప్పి మళ్ళీ మ్యూట్ చేసుకున్నాను. ఈ పరాయి దేశంలో, పార్సిప్పనీ ఊళ్ళో నన్ను "తిన్నావా?" అని అడిగే మనిషి ఆవిడొక్కరే.

నాలుగేళ్ళలో అయిదు అపార్ట్‌మెంట్లు మారి, పోయినేడాది ఈ పాత ఇల్లు కొన్నాను. ఫైర్‌ప్లేస్ చూడ్డానికి వెళ్తుంటే ఆంటీ తనూ వస్తానన్నారు. షాపులో నేను రిమోట్ ఉన్న గ్యాస్‌ది చూస్తున్నాను. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి స్టీలు గిన్నె తీసి ఒక్కో పొయ్యి మీదా పెట్టి చూడసాగారు. సేల్స్‌మన్ గుడ్లప్పగించాడు.

"ఆంటీ, ప్లీజ్! ఇది వంటకి కాదు, చలి కాచుకోడానికి."

"గృహప్రవేశానికి పాలెక్కడ పొంగించావే?"

"ఇండక్షన్ స్టవ్ మీద."

"పొంగాయా?"

"సెన్సర్ ఉందిగా. పొంగేలోపే ఆగిపోయింది."

"అదీ సంగతి! అందుకే నీకు కాలు నిలవదు."

చివరికి గిన్నె కదలకుండా కూర్చున్న నల్లటి ఇనప పొయ్యే కొన్నాం. కట్టెలది. "బటన్ నొక్కితే మండేదాని దగ్గర ఎవరు కూర్చుంటారు?" అన్నారు ఆంటీ.

కట్టెలు పచ్చివొచ్చాయి. ఇద్దరం ఫెన్స్ పక్కనే పేర్చాం. రెండు కట్టెలు ఒకదానికొకటి తట్టి చూపించారు. ఎండితే ఖంగుమంటాయిట; ఇవి దబ్బుమన్నాయి.

"ఏడాది పడుతుంది. వీటితోనే పాలు పొంగిద్దాం. ఉంటావా అప్పటిదాకా?"

ఇంకో కట్టె అందుకుని పేర్చాను. సియాటిల్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇచ్చిన సంగతి చెప్పలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అటువైపు నుంచి చెయ్యి చాపి కట్టె తట్టేవారు. "ఇంకా పచ్చివేనమ్మాయ్!" అని కేకేసేవారు. ఆఫర్ వచ్చినా వెళ్ళలేదు. ఎందుకని అమ్మ అడిగితే ఏదో చెప్పాను.

ఆంటీ పోయాక వచ్చిన మొదటి ఆదివారం, సాయంత్రం నేనే వెళ్ళి కట్టెల్ని తట్టాను. ఖంగుమంది. నాలుగు కట్టెలు ఏరి లోపలికి తెచ్చాను.

పొయ్యి వెలిగించి, నా దగ్గరే ఉండిపోయిన ఆ గిన్నెలో పాలు పోశాను. చాలాసేపు పట్టింది. ఫోన్ పక్కగదిలో పెట్టేసి ఎదురుగా కూర్చున్నాను. పాలు పొంగి, వేడి ఇనుము మీద చుయ్యిమంటూ ఆంటీ ఇంటివైపే జారాయి. తలెత్తి కిటికీలోంచి చూశాను. వాళ్ళ వంటగదిలో లైటు లేదు.