రెండు కొత్తపల్లులూ, ఒక న్యూటనూ

2016లో నన్ను దోహాలో ఒక స్టేడియానికి వెళ్లే రోడ్ల పనికి సీనియర్ సర్వేయరుగా వేశారు. ఫుట్‌బాల్ ప్రపంచకప్పుకు ఇంకా ఆరేళ్లుంది. మా కంపెనీ హడావుడి చూస్తే మాత్రం ఎల్లుండే ఆట మొదలవుతుందేమో అనిపించేది. ఊరంతా తవ్వి పోశారు. నిన్న వెళ్లిన దారి ఇవాళ ఉండేది కాదు.

నా పైఅధికారి చీఫ్ సర్వేయరు న్యూటన్ గారు, ఇంగ్లండు మనిషి. రిటైరయ్యే వయసు. ఆయన దగ్గర ఆపిల్ పండు జోకు వేయనివాడు లేడు. ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే నవ్వేవారు. ఆ మర్యాదకే ఆయన నాకు నచ్చారు.

సర్వే అంటే మూడుకాళ్ల స్టాండు మీది యంత్రానికి కన్ను ఆనించి చూడటమే అనుకుంటారు బయటివాళ్లు. అసలు పని అంతకు ముందే ఉంటుంది. నేలలో పాతిన స్థిరమైన గుర్తులుంటాయి, వాటిని కంట్రోల్ పాయింట్లంటాం. ఒకదాని మీద యంత్రం నిలబెట్టి, రెండోదాన్ని చూసి దిక్కు సరిచేసుకుని, రోడ్డు రావలసిన చోట మేకులు కొడతాం. న్యూటన్ గారైతే మేకు కొట్టే ముందు మూడో పాయింటు కూడా చూడాల్సిందేననేవారు. దానికి కారణముంది. మా సైట్లో పక్కపక్కనే పనిచేసే ఇద్దరు కాంట్రాక్టర్లు తమ గుర్తులకు ఒకే పేరు పెట్టుకున్నారు. ఎస్-4 అంటే ఇక్కడొకటి, అక్కడొకటి. పేరు చూసి నమ్మితే మురుగు కాలువ వెళ్లి ఎవరి ప్రహరీగోడకో తగులుతుంది.

ఆయనకు సిగరెట్టు లేదు, పేకాట లేదు. ఉన్న ఒక్క వ్యసనం ఇంటిపేర్లు. బ్రిటన్‌లో చాలా ఇంటిపేర్లు ఊళ్ల పేర్లే. ఏ పేరువాళ్లు ఎక్కడ ఎక్కువగా ఉన్నారో పాత జనాభా లెక్కల్లో వెతికి, సెలవు రోజున మ్యాపు మీద చుక్కలు పెట్టుకునేవారు. చుక్కలు గుమిగూడిన చోటికి దగ్గర్లోనే ఆ పేరు పుట్టి ఉంటుందట. మావీ అంతేనండీ అని నేనొకసారి నోరు జారాను. ఇక సైట్లో కనపడిన తెలుగువాడినల్లా మీ ఇంటిపేరేమిటని అడగడం, నన్ను అనువాదానికి పిలవడం. నా పని ఎప్పుడు చేసుకోవాలో ఆయనకు పట్టేది కాదు.

ఊళ్లో ఉన్నవాడిని ఆ ఊరి పేరుతో ఎవరూ పిలవరు, వదిలి వెళ్లినవాడికే ఆ పేరు అంటుకుంటుంది అని ఆయన ఒకరోజు మా ఫోర్‌మన్ లచ్చన్నకు వివరించారు. లచ్చన్న తల అడ్డంగా ఊపాడు. "నేనుండేది ఖతర్ల. ఊరికి పోతె నన్ను దుబాయ్ లచ్చన్న అంటరు సార్. దుబాయ్ మొకం గూడ చూడలె నేను." న్యూటన్ గారు పొట్ట పట్టుకుని నవ్వారు. నీ మునిమనవడు నీ మూలాలు వెతుక్కుంటూ పాపం దుబాయ్ పోతాడు అన్నారు.

లచ్చన్నది జగిత్యాల వైపు. కూతురు లావణ్య దోహాలోనే నర్సు, ఉమ్ ఘువైలినా అనే పేటలో తోటి నర్సులతో ఉండేది. నా బృందంలో సురేశ్ అని పిఠాపురం వైపు కుర్రాడుండేవాడు. అతని తండ్రి సత్యనారాయణ అల్ హిలాల్‌లో ఒక ఖతరీ ఇంటి డ్రైవరు. కాల్లో మేకు దిగి ఆస్పత్రికి వెళ్లిన సురేశ్, గాయం మానాక కూడా వెళ్తూనే ఉంటే నాకు సంగతి అర్థమైంది. పెద్దలు వద్దనడానికేమీ లేదు. కులం ఒకటే, ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి. తండ్రులిద్దరూ కలిసి ముహూర్తం దాకా మాట్లాడుకున్నాక, సత్యనారాయణ మాటవరసకు ఇంటిపేరు అడిగాడు.

కొత్తపల్లి అన్నాడు లచ్చన్న. సత్యనారాయణ ముఖం మాడిపోయింది. అతనిదీ కొత్తపల్లే.

అప్పటిదాకా ఎవరికీ తెలియకపోవడం వింతేం కాదు. గేటు పాసు మీద పేరు, పక్కన కె అన్న పొడి అక్షరం, అంతే. న్యూటన్ గారికి ఇద్దరి ఇంటిపేర్లూ ఎప్పుడో నేనే అనువదించి ఉంటాను, అన్ని పేర్ల మధ్య తట్టలేదు. కానీ మనలో ఒకే ఇంటిపేరంటే ఒకే వంశం, పిల్లలు అన్నాచెల్లెళ్ల వరస. గోత్రం అడుగుదామంటే ఇద్దరికీ తెలియదు. "అదెలా కుదురుద్దండీ, రేపు ఊళ్లో మొహం ఎలా చూపించను?" అన్నాడు సత్యనారాయణ. ఆ క్షణం నుంచే లచ్చన్నను 'అన్నయ్యా' అని పిలవడం మొదలుపెట్టాడు. ఆ ఒక్క పిలుపుతో పెళ్లి ఆగిపోయింది. లచ్చన్న కూతుర్ని ఉద్యోగం మానిపించి ఇంటికి పంపేస్తానన్నాడు. సురేశ్ రాజీనామా రాసి నా టేబుల్ మీద పెట్టాడు.

నేను న్యూటన్ గారికి చెప్పాను. ఆయన అడిగింది ఒకటే, ఏ కొత్తపల్లి? న్యూటన్ అన్నా కొత్త ఊరనే అర్థమట. ఆ పేరుగల ఊళ్లు వాళ్ల దేశం నిండా ఉన్నాయి, న్యూటన్లందరూ చుట్టాలు కారు. ఇది మన ఎస్-4 గొడవేనన్నారు. అయితే ఒకే వంశమని కూడా తేలవచ్చు, తేలితే పిల్లలు ఒప్పుకోవాలి, ముందే మాట తీసుకో అన్నారు. ఆ షరతు నాకు ఏమాత్రం నచ్చలేదు. సురేశ్ ముఖం చూస్తే అబద్ధమాడైనా పెళ్లి చేయాలనిపించేది నాకు. అయినా పిల్లలిద్దరి దగ్గరా మాట తీసుకున్నాను.

శుక్రవారం ఉమ్ ఘువైలినాలో ఒక టీ హోటల్లో తండ్రులిద్దరూ, న్యూటన్ గారూ, నేనూ కూర్చున్నాం. లచ్చన్న ఊళ్లో ఉన్న తల్లికి ఫోన్ కలిపాడు. ఇంటి దేవతకు ఏ ఊళ్లో మొక్కు చెల్లిస్తారని అడిగాను. "కరీంనగర్ పక్క కొత్తపల్లి. మా పెద్దలు ఆడికెల్లే వచ్చిన్రు బిడ్డా. పోచమ్మకు బోనం ఇప్పటికి ఆడనే" అంది ముసలమ్మ. సత్యనారాయణ మేనత్తను అడిగితే ఉప్పాడ దగ్గర కొత్తపల్లి, అక్కడి నూకాలమ్మ అంది. నేను హమ్మయ్య అనుకున్నాను. న్యూటన్ గారు అనుకోలేదు. ఒక ఊరివాళ్లే ఎప్పుడో తరలివెళ్లి రెండో ఊరికి ఆ పేరు పెట్టి ఉండవచ్చు కదా, మూడో పాయింటు ఏదీ అన్నారు.

మూడోది వియ్యాలు. ఊరు మారినా జనం పాతవైపు పిల్లనిచ్చి పుచ్చుకోవడం మానరు. ఆడపిల్లల్ని ఏ ఊళ్లకిచ్చారు, కోడళ్లను ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు, గుర్తున్నంత వెనక్కి చెప్పమన్నాం. ముసలమ్మ విజృంభించింది. ఏ పెళ్లిలో ఎవరలిగారో కూడా చెప్పింది. ఆవిడ ఊరి పేరు చెబితే నేను ఫోన్‌లో వెతికి చూపడం, న్యూటన్ గారు పాత డ్రాయింగు వెనకాల చుక్క పెట్టడం. తర్వాత మేనత్త వంతు. చివరికి చూస్తే లచ్చన్న చుక్కలన్నీ కరీంనగర్, జగిత్యాల చుట్టూ ఉన్నాయి. సత్యనారాయణవి తుని, పిఠాపురం దాటలేదు. నడుమ కాగితమంతా ఖాళీ.

ఆ సంగతి చెప్పడానికి లచ్చన్న మళ్లీ తల్లికి ఫోన్ చేశాడు. ఆవిడ, మా ముచ్చట ఇంత పట్టినాయన సొంతూరేదని అడిగింది. న్యూటన్ గారు పెన్సిలు కింద పెట్టారు. తమది ఏ న్యూటనో తనకింకా తెలియదట. చెప్పగలిగిన నాయనమ్మ బతికున్నన్నాళ్లూ తాను సైట్ల మీదే తిరిగారట. నాకు చాలా బాధేసింది. టీ కప్పు ఆయన ముందుకు జరిపాను.

సత్యనారాయణ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏం తప్పు దొరుకుతుందోనని నేనూ అతని భుజం మీదుగా తొంగి చూశాను. కాగితం కింద పెట్టి లచ్చన్న వైపు తిరిగాడు.

"బావగారూ, టీ చల్లారిపోయిందండి. ఇంకోటి చెప్పమంటారా?"

లచ్చన్న కళ్లు తుడుచుకున్నాడు. "చెప్పు బావా. చక్కెర జర ఎక్కువెయ్యమను."

మర్నాడు సురేశ్ రాజీనామా అతనికే తిరిగిచ్చేశాను.

పెళ్లి అన్నవరంలో జరిగింది. తిరిగొచ్చాక దోహాలో విందు పెట్టారు. న్యూటన్ గారు ఎటు కూర్చోవాలో తెలియక గుమ్మంలో నిలబడితే, లచ్చన్న చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆడపెళ్లివారి వరసలో కూర్చోబెట్టాడు. "సార్‌ది గూడ కొత్తపల్లే. మనోడే. పిల్లకు పెద్దబాపు" అని అందరికీ చెప్పాడు. అంటే తనకు అన్న అని. మూడో పాయింటు చూశాడా అని న్యూటన్ గారు నన్నడిగారు. నేను తెలుగులో అడిగాను.

"మాఫీ," అని అరబ్బీలో లేదన్నాడు లచ్చన్న, ఆయన ప్లేటులో ఇంకాస్త మటన్ వేస్తూ. "గీనకు అక్కర్లే."

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది. పేరు కలిసినంత మాత్రాన చోటు కలిసినట్టు కాదు. మరో రెండు వైపుల నుంచి చూసుకోనిదే మేకు కొట్టకూడదు. అడగవలసింది పెద్దవాళ్లు ఉండగానే అడగాలి. న్యూటన్ గారి విషయంలో మాత్రం లచ్చన్న ఏ కొలతా తీసుకోకుండానే మేకు కొట్టేశాడు. లావణ్య కొడుకు ఇవాళ్టికీ ఇంగ్లండుకు ఫోన్ చేసి ఆయన్ని తాతా అనే పిలుస్తాడు.